కీమో జరుగుతుండగా యాంటీఆక్సిడెంట్ మాత్రలు ఇవ్వచ్చా? ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కూ క్యాన్సర్‌కూ అసలు సంబంధం ఏమిటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. నాన్నగారికి 62 ఏళ్లు. ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అనే రకం క్యాన్సర్. పెమెట్రెక్సెడ్, కార్బోప్లాటిన్‌లతో కీమో మొదలైంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్ వల్లే క్యాన్సర్ వస్తుందనీ, దానికి విరుగుడు యాంటీఆక్సిడెంట్లేననీ చెప్పి దగ్గరి బంధువులు విటమిన్ ఇ, విటమిన్ సి, గ్లూటాథయోన్, ఎన్‌ఏసీ (ఎన్-అసిటైల్ సిస్టీన్), పసుపు క్యాప్సూల్స్ తెచ్చిపెట్టారు. అవి నాన్నగారికి ఇవ్వచ్చా? మీరు సిగరెట్ మానేసి రెండేళ్లయింది కాబట్టి ముందుజాగ్రత్తగా మీరు కూడా వేసుకోవచ్చా?

సూటిగా చెప్తాను. నాన్నగారికి కీమో నడిచినంతకాలం, రేడియేషన్ కూడా ఉంటే అది పూర్తయ్యేదాకా, ఆ ఐదింటిలో ఒక్కటి కూడా వద్దు. డాక్టరు చీటీలో రాసిన ఫోలిక్ యాసిడ్, బి12 మాత్రం ఆపకూడదు, ఆ సంగతి కింద విడిగా చెప్తాను. మీ విషయానికొస్తే, పొగతాగిన అలవాటున్నవాళ్లు బీటా కెరోటిన్ మాత్రల జోలికి అస్సలు పోకూడదు. మిగతావి వేసుకున్నా ఊపిరితిత్తుల క్యాన్సర్ రాకుండా ఆగుతుందని ఎక్కడా రుజువు కాలేదు. ఇంట్లో తినే పండ్లు, కూరలు, పప్పులో వేసే పసుపు, ఇవన్నీ ఇద్దరూ నిశ్చింతగా తినండి.

ఇక కారణాలు. మీ బంధువులు చెప్పినదాంట్లో మొదటి సగం నిజమే. అందుకే ఆ సలహా అంత నమ్మకంగా వినిపిస్తుంది.

మన కణాలు ఆక్సిజన్‌తో శక్తి తయారు చేసుకునేటప్పుడు మైటోకాండ్రియాలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకుంటాయి. అలా పుట్టేది సూపరాక్సైడ్. ఎస్‌ఓడీ అనే ఎంజైము దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. కాటలేజ్, పెరాక్సీరెడాక్సిన్లు, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌లు దాన్ని నీరుగా మార్చేస్తాయి. ఈ శుభ్రపరిచే పని ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న కణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 1 నుంచి 10 నానోమోలార్ మధ్య ఉంటుంది. పుట్టేది ఎక్కువై, శుభ్రపరిచే శక్తి చాలకపోతే దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. 1985లో హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ భావనకు స్పష్టమైన రూపం ఇచ్చారు.

ప్రమాదం ఎక్కడంటే, విడిగా ఉన్న ఇనుము, రాగి అయాన్లు హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తాకినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. దాని ఆయుష్షు నానోసెకన్లలోనే, పుట్టిన చోటే పక్కనున్నదాన్ని కొడుతుంది. పక్కనున్నది డీఎన్‌ఏ అయితే, అందులోని నాలుగు అక్షరాల్లో ఒకటైన గ్వానిన్ (జీ) 8-ఆక్సోగ్వానిన్‌గా మారుతుంది. మామూలు గ్వానిన్ సైటోసిన్‌తో జతకట్టాలి. ఈ మారిన గ్వానిన్ ఎడినిన్‌తో కూడా జతకడుతుంది. కణం రెండుసార్లు విభజన అయ్యేసరికి జీ ఉండాల్సిన చోట టీ (థైమిన్) వచ్చి కూర్చుంటుంది. అది కణం పెరుగుదలను నడిపే కేరాస్ జన్యువులోనో, దెబ్బతిన్న కణాన్ని ఆపే పీ53 జన్యువులోనో పడితే క్యాన్సర్‌కు తొలి అడుగు పడినట్టే.

ఇది ఊహ కాదనడానికి నాకు తెలిసినంతలో గట్టి సాక్ష్యం ఎంయూటీవైహెచ్ జన్యువు. 8-ఆక్సోగ్వానిన్ ఎదురుగా తప్పుగా చేరిన ఎడినిన్‌ను తీసేసే ఎంజైము ఈ జన్యువు నుంచే వస్తుంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ వచ్చిన రెండు ప్రతులూ చెడిపోయినవాళ్లకు పెద్దపేగులో పదుల నుంచి వందల దాకా పాలిప్స్ వస్తాయి, వాటిలోంచి క్యాన్సర్ వస్తుంది. ఈ సంగతి 2002లో బయటపడింది. ఆ కణితుల్లో డీఎన్‌ఏ చదివితే సరిగ్గా ఆ జీ నుంచి టీకి మారిన ముద్రలే కనిపిస్తాయి. అంటే ఆక్సిడేషన్ దెబ్బను సరిచేయలేకపోతే క్యాన్సర్ వస్తుందనేది జన్యుపరంగా తేలిన విషయం.

ఆ దెబ్బలు ఎక్కువగా ఎక్కడినుంచి వస్తాయంటే, పొగ నుంచి, ఏళ్లతరబడి తగ్గని వాపు నుంచి. సిగరెట్ ఒక్క దమ్ములో కోటి కోట్లకు పైగా ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. హెపటైటిస్ బి ఉన్న కాలేయం, హెలికోబాక్టర్ పైలోరి ఉన్న కడుపు, ఏళ్లుగా పుండ్లున్న పెద్దపేగు, వీటన్నిటిలో తెల్లరక్తకణాలు క్రిములను చంపడానికి వదిలే ఆక్సిడెంట్లు పక్కనున్న మన కణాలమీద కూడా పడతాయి.

మన దగ్గర తప్పక చెప్పుకోవాల్సింది వక్క. వక్కలో ఉన్నవి కేటకిన్లు, గ్రీన్ టీలో ఉన్నవాటికి బంధువులే. ఏ డబ్బామీద చూసినా వాటిని యాంటీఆక్సిడెంట్లు అనే రాస్తారు. అదే వక్కకు సున్నం తోడైనప్పుడు నోట్లో క్షారగుణం బాగా పెరిగి, ఆ కేటకిన్లే తమంతట తాము ఆక్సిడైజ్ అయి సూపరాక్సైడ్‌ను, హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తాయి. వక్కలో ఉండే రాగి ఆ పనిని ఇంకా వేగం చేస్తుంది. పొగాకు కలపని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మొదటి గ్రూపులో చేర్చింది. ఏ పదార్థమూ పుట్టుకతో యాంటీఆక్సిడెంట్ కాదు. పక్కన ఏ లోహముంది, ఆమ్లమా క్షారమా, ఎంత మోతాదు అన్నదాన్నిబట్టి అదే పదార్థం రెండు పనులూ చేస్తుంది. శ్రీకాకుళం, విశాఖ తీరంలో చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటున్న స్త్రీలలో అంగిట్లో క్యాన్సర్ ఎక్కువ రావడానికి పొగలోని విషాలకు వేడి కూడా తోడవుతుంది.

ఇంతవరకూ బంధువులు చెప్పిందే నేనూ చెప్పాను. ఇక్కడినుంచి దారి మారుతుంది.

కణితి ఏర్పడ్డాక పరిస్థితి తలకిందులవుతుంది. క్యాన్సర్ కణం అదుపులేకుండా పెరుగుతుంది కాబట్టి దానిలో మామూలు కణంకన్నా ఆక్సిడెంట్లు ఎక్కువ పుడతాయి. కొంతవరకు అవి దానికి లాభమే. హైడ్రోజన్ పెరాక్సైడ్ పీటెన్ లాంటి, పెరుగుదలకు బ్రేకు వేసే ప్రోటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని తాకి వాటిని పనిచేయకుండా చేస్తుంది, పెరుగుదల సంకేతాలు ఆగకుండా నడుస్తాయి. కానీ ఇంకొంచెం పెరిగితే ఆ కణమే చచ్చిపోతుంది. కట్టమీద దాకా నిండిన చెరువులా ఎప్పుడూ ఆ అంచునే ఉంటుంది. అందుకే బతికి బట్టకట్టిన కణితులు తమ సొంత యాంటీఆక్సిడెంట్ బలగాన్ని విపరీతంగా పెంచుకుంటాయి. ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే ప్రోటీన్ ఆ బలగానికి సేనాని. కీప్1 అనే మరో ప్రోటీన్ దాన్ని ఎప్పటికప్పుడు నాశనం చేస్తూ అదుపులో ఉంచుతుంది. ఊపిరితిత్తుల అడినోకార్సినోమాల్లో ఇంచుమించు ఆరింట ఒకదానిలో కీప్1 చెడిపోయి ఉంటుంది. అంటే ఎన్‌ఆర్‌ఎఫ్2కు పగ్గాలుండవు. అలాంటి కణితులు కీమోకూ రేడియేషన్‌కూ మొండికేస్తాయి. నాన్నగారికి ఎన్‌జీఎస్ పరీక్ష (కణితి జన్యువుల్లో మార్పులను చదివే పరీక్ష) చేయించి ఉంటే ఆ రిపోర్టులో కీప్1, ఎస్‌టీకే11 అనే జన్యువుల పేర్లున్నాయేమో చూసి డాక్టరును అడగండి.

అలాంటప్పుడు మనం బయటినుంచి, కణాల సొంత యాంటీఆక్సిడెంటైన గ్లూటాథయోన్‌కు ముడిసరుకైన ఎన్‌ఏసీ ఇస్తే ఎవరికి సాయం చేసినట్టు? స్వీడన్‌లో మార్టిన్ బెర్గో బృందం 2014లో దీన్నే ఎలుకల్లో పరీక్షించింది. కేరాస్, బీరాఫ్ మ్యుటేషన్లతో ఊపిరితిత్తుల కణితులు పెరుగుతున్న ఎలుకలకు ఎన్‌ఏసీ గానీ విటమిన్ ఇ గానీ ఇస్తే కణితులు వేగంగా పెరిగాయి, ఎలుకలు త్వరగా చనిపోయాయి. కారణం, డీఎన్‌ఏ దెబ్బలు తగ్గడంతో వాటిని చూసి మేలుకోవాల్సిన పీ53 నిద్రలోనే ఉండిపోయింది. 2015లో డల్లాస్‌లోని షాన్ మోరిసన్ బృందం మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌లో ఇంకో సంగతి చూపింది. కణితి విడిచి రక్తంలోకి వచ్చిన క్యాన్సర్ కణాలు తీవ్రమైన ఆక్సిడేటివ్ స్ట్రెస్‌కు గురవుతాయి, చాలావరకు దానికే చచ్చిపోతాయి. ఆ ఎలుకలకు ఎన్‌ఏసీ ఇస్తే వ్యాప్తి పెరిగింది. 2019లో రెండు బృందాలు విడివిడిగా బాక్1 అనే ప్రోటీన్ పాత్రను బయటపెట్టాయి. యాంటీఆక్సిడెంట్లు కణంలో విడిగా ఉండే హీమ్‌ను (ఇనుమున్న అణువు) తగ్గిస్తాయి. దాంతో బాక్1 చెడిపోకుండా నిలిచి, కణితి పాకే గుణాన్ని పెంచుతుంది.

ఇవి ఎలుకల సంగతులు కదా అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. నేను ఎక్కువ బరువిచ్చేది మనుషులమీద జరిగిన పెద్ద పరీక్షలకే.

ఫిన్లాండ్‌లో 50 నుంచి 69 ఏళ్ల మధ్య పొగతాగే మగవాళ్లు 29,133 మందికి ఐదు నుంచి ఎనిమిదేళ్లపాటు బీటా కెరోటిన్ 20 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 50 మిల్లీగ్రాములు, రెండూ, లేదా మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారు. ఫలితాలు 1994లో వచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. విటమిన్ ఇ వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో తేడా ఏమీ లేదు. అమెరికాలో కేరెట్ అనే పరీక్షలో పొగతాగేవాళ్లు, మానేసినవాళ్లు, ఆస్‌బెస్టాస్ పనివాళ్లు కలిపి 18,314 మంది ఉన్నారు. బీటా కెరోటిన్ 30 మిల్లీగ్రాములకు విటమిన్ ఎ కలిపి ఇచ్చారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ 28 శాతం, మరణాలు 17 శాతం పెరగడంతో 1996లో గడువుకు 21 నెలల ముందే ఆపేశారు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆగుతుందేమోనని 35,533 మంది మగవాళ్లమీద చేసిన సెలెక్ట్ పరీక్షలో రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవాళ్లకు ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చిందని 2011లో తేలింది. 400 యూనిట్లంటే మన మందుల షాపులో చీటీ లేకుండానే దొరికే ఆకుపచ్చ క్యాప్సూల్ మోతాదే.

ఒక పరీక్ష మాత్రం వేరే ఫలితం ఇచ్చింది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. చైనాలో లిన్‌షియాన్ ప్రాంతంలో 29,584 మందికి బీటా కెరోటిన్, విటమిన్ ఇ, సెలీనియం చిన్న మోతాదుల్లో కలిపి ఐదేళ్లకు పైగా ఇస్తే కడుపు క్యాన్సర్ మరణాలు 21 శాతం తగ్గాయి. ఆ ప్రాంతంలో తిండిలోనే ఈ పోషకాలు బాగా తక్కువ. లోటున్నవాళ్లకు లోటు పూడిస్తే మేలు జరిగింది. లోటు లేనివాళ్లకు అదనంగా పోస్తే మేలు జరగలేదు, కొందరికి కీడు జరిగింది. ఈ పరీక్షలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించే అర్థం ఇదే.

ఇప్పుడు చికిత్స మాట. ఎక్స్‌రే, గామా కిరణాలతో ఇచ్చే రేడియేషన్ డీఎన్‌ఏకు చేసే నష్టంలో దాదాపు మూడింట రెండు వంతులు నీటినుంచి పుట్టే హైడ్రాక్సిల్ రాడికల్స్ వల్లే జరుగుతుంది. ఆక్సిజన్ బాగా అందే కణితిని చంపడానికి కావలసిన మోతాదుతో పోలిస్తే, ఆక్సిజన్ అందనిదానికి రెండున్నర నుంచి మూడు రెట్లు కావాలి. అంటే ఆక్సిడేషనే అక్కడ ఆయుధం. బ్లియోమైసిన్ అనే కీమో మందు ఇనుము, ఆక్సిజన్ లేకుండా పనిచేయదు. సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్‌లను గ్లూటాథయోన్ నేరుగా పట్టుకుని పనికిరాకుండా చేయగలదు. అందుకే గ్లూటాథయోన్ ఎక్కువున్న కణితులు ప్లాటినం మందులకు లొంగవు. నాన్నగారికి ఇస్తున్న రెండు మందుల్లో ఒకటి కార్బోప్లాటినే.

తల, మెడ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటున్న 540 మందికి కెనడాలో విటమిన్ ఇ 400 యూనిట్లు, మొదట్లో దాంతోపాటు బీటా కెరోటిన్ ఇచ్చి చూశారు. నోటిపూతలాంటి దుష్ప్రభావాలు కొంత తగ్గాయి, నిజమే. కానీ జబ్బు అదేచోట తిరగబెట్టడం ఎక్కువవైపు మొగ్గింది, తర్వాతి ఏళ్లలో విటమిన్ ఇ తీసుకున్నవాళ్లలో మరణాలు 38 శాతం ఎక్కువ కనిపించాయి. మాత్ర వేసుకున్నాక నోరు బాగుపడింది కాబట్టి మంచే జరుగుతోందని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజం. ఆరోగ్యమైన కణాన్ని కాపాడే పదార్థం కణితి కణాన్ని కూడా కాపాడుతుందేమో అన్న అనుమానం అక్కడే మొదలవ్వాలి.

రొమ్ము క్యాన్సర్ కీమోకు అనుబంధంగా అమెరికాలో 1,134 మంది రోగులు తాము వాడే సప్లిమెంట్ల వివరాలు రాసిచ్చారు, ఆ ఫలితాలు 2020 ప్రాంతంలో వచ్చాయి. కీమోకు ముందూ, కీమోలోనూ విటమిన్ ఎ, సి, ఇ, కెరోటినాయిడ్లు, కోక్యూ10లాంటివి వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టే అవకాశం 41 శాతం ఎక్కువగా లెక్కతేలింది. గణితం ప్రకారం అది కచ్చితమని చెప్పే గీతకు కొద్దిగా ఇవతలే ఆగింది. ఇది చీటీ వేసి పంచి చేసిన పరీక్ష కాదు, కాబట్టి దీన్ని నేను రుజువుగా చూడను, హెచ్చరికగా చూస్తాను. అటువైపు చూస్తే, తల, మెడ, ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్స అయిపోయిన 2,592 మందికి యూరప్‌లో రెండేళ్లపాటు ఎన్‌ఏసీ, విటమిన్ ఎ ఇచ్చిన పరీక్షలో కీడు కనిపించలేదు, మేలూ కనిపించలేదు. ఒకవైపు కీడు జరిగే అవకాశం, ఇంకోవైపు మేలు లేదన్న సాక్ష్యం. ఈ రెండిటి మధ్య నిర్ణయం కష్టమేమీ కాదు.

మీ దగ్గరున్న డబ్బాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

విటమిన్ ఇ: అన్నిటికన్నా ముందు ఆపాల్సింది ఇదే. ఇది కొవ్వులో నిలవ ఉంటుంది, కీమో రోజున ఒక్కపూట మానితే ఒంట్లోంచి పోదు, వారాలు పడుతుంది. కణం గోడలోని కొవ్వు ఆక్సిడైజ్ అయి కణం చచ్చిపోయే ఫెరోప్టోసిస్ అనే దారిని విటమిన్ ఇ నేరుగా అడ్డుకుంటుంది. పైగా కార్బోప్లాటిన్‌తో ప్లేట్‌లెట్లు పడిపోయే రోజుల్లో పెద్ద మోతాదు విటమిన్ ఇ రక్తస్రావం ముప్పును పెంచుతుంది. ఆస్పిరిన్ గానీ రక్తం పలచబడే మాత్రలు గానీ వాడుతుంటే ఇంకా ఎక్కువ.

ఎన్‌ఏసీ, గ్లూటాథయోన్: కారణం పైనే చెప్పాను. కఫం కరగడానికని ఇచ్చే, నీళ్లలో కరిగే 600 మిల్లీగ్రాముల మాత్ర ఎన్‌ఏసీనే. ఊపిరితిత్తుల రోగికి దగ్గు కోసం వేరే డాక్టరు దాన్ని మామూలుగా రాసేస్తుంటారు, కాబట్టి పాత చీటీలు కూడా చూడండి. పారాసిటమాల్ ఎక్కువై కాలేయం దెబ్బతిన్నప్పుడు ఎన్‌ఏసీ ప్రాణం కాపాడే మందు. ఆ అవసరం వస్తే ఆసుపత్రిలో ఇస్తారు, అప్పుడు వద్దనకండి. గ్లూటాథయోన్ మాత్రలు ఎక్కువగా చర్మం రంగు కోసం అమ్ముడుపోతున్నాయి. అదే డబ్బాను క్యాన్సర్ రోగికి కూడా అంటగట్టేస్తున్నారు.

విటమిన్ సి: నోటిద్వారా రోజుకు 200 మిల్లీగ్రాములు దాటాక ఒంటికి పట్టేది వేగంగా తగ్గుతుంది. రక్తంలో స్థాయి ఒక హద్దు దాటి పెరగదు. 10 గ్రాములు నోటిద్వారా ఇచ్చి మేయో క్లినిక్ చేసిన పరీక్షల్లో, 1979లోనూ 1985లోనూ, క్యాన్సర్ రోగులకు ప్రయోజనం కనిపించలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కల ప్రకారం పెద్ద మగవాళ్లకు రోజుకు కావలసింది 80 మిల్లీగ్రాములు, ఒక జామకాయతో అది తీరిపోతుంది. ఇక నరంలోకి ఎక్కించే పెద్ద మోతాదు విటమిన్ సి వేరే కథ. రక్తంలో స్థాయి వంద రెట్లదాకా పెరిగి అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, అంటే అక్కడ అది ఆక్సిడెంట్‌గానే పనిచేస్తుంది. దానిమీద పరిశోధనలు సాగుతున్నాయి, మామూలు చికిత్సలో దానికింకా చోటు లేదు. ఎవరైనా డ్రిప్ పెడతామంటే జీ6పీడీ పరీక్ష చేశారా అని అడగండి. ఆ ఎంజైము లోటుంటే ఎర్రరక్తకణాలు పగిలిపోతాయి. మన గిరిజన సమూహాల్లో కొన్నిటిలో ఈ లోటు ఎక్కువ. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే ఆక్సలేట్ పేరుకుని పాడవుతాయి. ఇంకో చిన్న సంగతి: డ్రిప్ తర్వాత కొన్ని గంటలపాటు ఇంట్లో వాడే గ్లూకోమీటర్లు చక్కెరను లేనంత ఎక్కువగా చూపించవచ్చు. అది చూసి ఇన్సులిన్ వేస్తే ప్రాణాపాయం.

పసుపు క్యాప్సూల్స్: కూరలో వేసే అర చెంచా పసుపులో కర్క్యుమిన్ కొద్దిపాటే, అది రక్తంలోకి చేరేది ఇంకా కొద్ది. క్యాప్సూల్‌లో 500 మిల్లీగ్రాములదాకా ఉంటుంది, బాగా పట్టాలని మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. ఆ పైపరిన్ కాలేయంలో మందులను విరిచే ఎంజైములను అడ్డుకుంటుంది. రేపు నాన్నగారికి జన్యు పరీక్షను బట్టి మాత్రల చికిత్స మొదలుపెడితే రక్తంలో ఆ మందు స్థాయి అనుకోకుండా మారిపోవచ్చు. గాఢమైన పసుపు క్యాప్సూల్స్‌తో కాలేయం వాచిన కేసులు కూడా ఉన్నాయి. అప్పుడు ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బను చూపే రక్తపరీక్ష) పెరిగింది కీమోవల్లా, క్యాప్సూల్‌వల్లా, కాలేయంలోకి జబ్బు పాకిందా అని తేల్చడానికి వారాలు వృథా అవుతాయి.

మీరు అడగలేదు గానీ, ఇంట్లో ఎవరికైనా మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ నడుస్తుంటే గ్రీన్ టీ సారం క్యాప్సూల్స్ అస్సలు వద్దు. ఆ మందులోని బోరాన్ భాగాన్ని గ్రీన్ టీ కేటకిన్ నేరుగా పట్టేసుకుని మందును పనిచేయనివ్వదని 2009లో ప్రయోగాల్లో తేలింది.

ఫోలిక్ యాసిడ్, బి12 సంగతి. విటమిన్లు వద్దన్నారని ఇవి కూడా మానేసే ప్రమాదం ఉంది, అందుకే నొక్కి చెప్తున్నాను. పెమెట్రెక్సెడ్ ఫోలేట్ దారిని అడ్డుకునే మందు. ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 నుంచి 1000 మైక్రోగ్రాములు మొదటి కీమోకు వారం ముందు మొదలుపెట్టి, చివరి కీమో తర్వాత 21 రోజులదాకా వేసుకోవాలి. బి12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు మొదటి కీమోకు వారం ముందు ఒకటి, తర్వాత తొమ్మిది వారాలకొకటి. ఇవి లేకపోతే తెల్లరక్తకణాలు దారుణంగా పడిపోతాయి, నోరు పూస్తుంది. మన షాపుల్లో ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా 5 మిల్లీగ్రాముల మాత్రగా దొరుకుతుంది, అది పైన చెప్పిన గరిష్ఠానికి అయిదు రెట్లు. చీటీలో ఎంత రాశారో ఆ మోతాదే తీసుకోండి, షాపువాడు మార్చి ఇస్తే డాక్టరును అడగండి. పోషకం కణితికి కూడా పోషకమే అన్న పాఠం వైద్యానికి మొదట నేర్పింది ఈ ఫోలిక్ యాసిడే. 1940ల చివర బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ పిల్లలకు ఫోలేట్ రూపాలు ఇస్తే జబ్బు వేగం పుంజుకున్నట్టు కనిపించింది. దాన్నిబట్టే ఫోలేట్‌ను అడ్డుకునే అమైనోప్టెరిన్ వాడి చూశారు. ఆ మందును అందించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి లెడర్లే బృందం. పెమెట్రెక్సెడ్ ఆ కుటుంబం మందే.

యాంటీఆక్సిడెంట్ గుణమున్న మందులు క్యాన్సర్ చికిత్సలో అసలే లేవనుకోకండి. ఐఫాస్‌ఫామైడ్ అనే కీమో మందు ఇచ్చేటప్పుడు మూత్రాశయాన్ని కాపాడే మెస్నా ఉంది. డాక్సోరుబిసిన్ నుంచి గుండెను కాపాడటానికి డెక్స్‌రాజోక్సేన్ ఉంది. అవి ఏ అవయవంలో, ఏ గంటలో, ఎంత మోతాదులో పనిచేస్తాయో పరీక్షించి పెట్టినవి. షాపులో కొన్న డబ్బాకు ఆ లెక్కలేవీ లేవు.

నాన్నగారికి నిజంగా పనికొచ్చేది ప్రోటీన్. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు. 60 కిలోలుంటే 72 నుంచి 90 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, పచ్చి కందిపప్పు 30 గ్రాముల్లో 6 నుంచి 7 గ్రాములు. ఆ లెక్కన వంట చూసుకుని వారానికోసారి బరువు చూడండి. మూత్రపిండాల జబ్బుంటే మాత్రం డాక్టరును అడిగి తగ్గించాలి.

ఇక మీ గురించి. మానేసినవాళ్ల ఊపిరితిత్తుల్లో ఏళ్లనాటి దెబ్బలుపడ్డ కణాలు ఇంకా ఉంటాయి. ఫిన్లాండ్, అమెరికా పరీక్షల్లో జరిగింది బహుశా అలాంటి కణాలకు ఊతం దొరకడమే. కంటికోసమని అమ్మే క్యాప్సూల్స్ వాడుతుంటే లేబుల్ చదవండి. పాత ఫార్ములాలో బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములు ఉండేది. 2013లో వచ్చిన కొత్త పరీక్షలో దాన్ని తీసుకున్నవాళ్లకు, ముఖ్యంగా పొగ మానేసినవాళ్లకు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువ కనిపించింది. అందుకే ఇప్పుడు దాని బదులు ల్యూటీన్, జియాజాంథిన్ ఉన్నవే తీసుకోవాలి. క్యారెట్ కూర తినడానికి ఏ భయమూ లేదు.

స్క్రీనింగ్ మీకు వర్తిస్తుందో లేదో ఇలా లెక్కవేయండి. రోజుకు కాల్చిన సిగరెట్ల సంఖ్యను 20తో భాగించి, కాల్చిన ఏళ్లతో గుణించండి. మన దగ్గర 10 సిగరెట్ల ప్యాకెట్లు ఎక్కువ కాబట్టి ప్యాకెట్లతో లెక్కవేస్తే తప్పుతారు. ఆ అంకె 20 గానీ అంతకుమించి గానీ ఉండి, వయసు 50 నిండి, మానేసి 15 ఏళ్లు దాటకపోతే తక్కువ మోతాదు సీటీ స్కాన్ గురించి ఊపిరితిత్తుల డాక్టరుతో మాట్లాడవచ్చు. అది అమెరికా ప్రమాణం. మన దగ్గర పాత టీబీ మచ్చలు చాలామందికి ఉంటాయి, స్కాన్‌లో అవి అనుమానంగా కనబడి అనవసరపు బయాప్సీలకు దారితీయవచ్చు. ఆ సంగతి ముందే మాట్లాడుకోవాలి. గుట్కా, వక్క అలవాటు కూడా ఉండి నోరు పూర్తిగా తెరుచుకోకపోతే, తెల్లమచ్చ ఉంటే, లైకోపీన్ క్యాప్సూల్స్ రాయించుకుని ఊరుకోవద్దు. మచ్చ తాత్కాలికంగా చిన్నదైనా క్యాన్సర్ ఆగుతుందని రుజువు లేదు. రెండు వారాల్లో మానని పుండుకు బయాప్సీ చేయించాలి.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఎంతుందో చెప్తామనే రక్తపరీక్షల ప్యాకేజీలకు డబ్బు పెట్టకండి. కొవ్వు ఆక్సిడైజ్ అయినప్పుడు పుట్టే ఎండీఏ అనే పదార్థాన్ని కొలిచే మామూలు పద్ధతి ఇంకెన్నో పదార్థాలతోనూ రంగు ఇస్తుంది. 8-ఆక్సోగ్వానిన్ అయితే శాంపిల్‌నుంచి డీఎన్‌ఏ తీసే పనిలోనే కొత్తగా పుట్టేస్తుంది. సరైన జాగ్రత్తలు లేని ల్యాబులో ఆ అంకె రోగిదో టెస్ట్‌ట్యూబుదో చెప్పలేం. ఆ అంకెనుబట్టి చికిత్స మార్చే పద్ధతి ఏ క్యాన్సర్‌లోనూ లేదు. ఆహారపదార్థాల యాంటీఆక్సిడెంట్ శక్తి అంటూ డబ్బాలమీద వేసే ఓర్యాక్ అంకెలూ అంతే. వాటికీ ఒంట్లో జరిగేదానికీ సంబంధం చూపలేమని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన పట్టికనే తీసేసింది.

ఇప్పటికే కొన్ని రోజులు ఇచ్చి ఉంటే కంగారుపడకండి, దానివల్ల చికిత్స పాడైపోయిందని అనుకోవద్దు. ఈ రోజే ఆపండి. అన్ని డబ్బాలకూ రెండువైపులా ఫోటోలు తీసి, ఏది ఎప్పటినుంచి రోజుకెన్ని ఇచ్చారో రాసి, తర్వాతి కీమోకు వెళ్లినప్పుడు డాక్టరుకు చూపించండి. ఆయుర్వేదం, హోమియో మందులుంటే అవి కూడా. తిడతారని దాచేవాళ్లే ఎక్కువ. అదే రోజు రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, ఎస్‌జీపీటీ, క్రియాటినిన్ ఎలాగూ చేస్తారు. వాటిలో ఏదైనా తేడా వస్తే ఆ చీటీ చూసి కారణం వెంటనే పట్టుకోగలుగుతారు. ఎన్‌జీఎస్ రిపోర్టు వచ్చాక అందులోని మ్యుటేషన్ల పేర్లు ఇక్కడ పెడితే ఏది దేనికి సంబంధించిందో వివరిస్తాను. నాన్నగారి పేరు, ఆసుపత్రి నంబరు మాత్రం చెరిపేసి పెట్టండి.